ఎవరిదో ఈ చెంచా

ఆ తుఫానుకి రేడియోలో ఒక పేరు పెట్టారు.
నేను పలకను.
ఒక్క రాత్రి నా పెరట్లో ఉండి
చెప్పాపెట్టకుండా పోయినదాన్ని
పేరుపెట్టి పిలవడమెందుకు?

మూడోనాడు పొద్దున్నే తలుపు తీశాను.
అంటే, అలవాటుకొద్దీ చెయ్యి చాచాను.
తలుపు లేదు.

కొండకి ఒక్క ఆకు లేదు.
డొమినికా దీవి మొత్తం
మొక్కు తీర్చుకున్న గుండులా ఉంది.
ఇరవై ఆరేళ్ళుగా నా వంటింటి కిటికీకి
అడ్డంగా నిలబడ్డ సీమపనస చెట్టు
వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ వెల్లకిలా పడుంది.
దాని వెనక,
సిగ్గూ ఎగ్గూ లేకుండా, నీలంగా,
సముద్రం.
ఇంత దగ్గరగా ఉన్నావా
ఇన్నాళ్ళూ?

ముందు ఏది ఎత్తాలో తెలియక
ఒక చెంచా ఎత్తాను.
అది నాది కాదు.

పెరటినిండా ఊరివాళ్ళ సామానే.
డెల్ఫీన్ వాళ్ళ స్నానాలగది తలుపు,
ఎడమకాలి బూటు ఒకటి, అందులో బురద,
ఆ బురదలో కాపురం పెట్టిన పీత.
మేకుతో సహా ఊడొచ్చిన పటం కట్టు,
పటం మాత్రం లేదు.
తొమ్మిది ఇంటికప్పు రేకులు.
ఎర్రవి చర్చివని తెలుస్తూనే ఉంది.
మిగతావి ఎవరింటి వానని ఆపినవో
వాటినే అడగాలి.

జెర్వన్ వచ్చాడు, పన్నెండేళ్ళవాడు,
వాళ్ళ నాన్న కత్తి ఈడ్చుకుంటూ.
"టాంటీ, ఏం నరకను?"
"నరకడానికి గాలి ఏం మిగిల్చిందిరా?
ఏరు."

వాడు ఏరుతున్నాడు. నేను కుప్ప వేస్తున్నాను.
పొయ్యిలోకి పనికొచ్చేవి ఇటు,
కంచెకి పనికొచ్చేవి అటు.
జాజిచెట్టు కొమ్మలు మాత్రం
ఎటూ వెయ్యలేకపోయాను.
ఏడేళ్ళు పెంచాను దాన్ని.
ఇంకో ఏడాదికి పూత పూస్తే తెలిసేది
ఆడో మగో.
ఆడదైతే కాయలు, మగదైతే వంటచెరకు,
అని నేనే వేళాకోళం చేసేదాన్ని.
చేతిలో కొమ్మ పట్టుకుని నిలబడితే
ఇంకా అదే వాసన.

చేమ దగ్గర కాస్త ఊపిరొచ్చింది.
ఆకులు దూసినట్టు పోయాయి గాని
గడ్డపారతో కదిపితే దుంపలు,
పైన ఏం జరిగిందో ఎరగనట్టు
నిద్రమొహంతో, లావుగా.
"మధ్యాహ్నానికి కూడుంది" అన్నాను.
జెర్వన్ అప్పుడు ఏడ్చాడు.
ఎందుకని నేను అడగలేదు.
మట్టి దులిపి రెండు దుంపలు
వాడి చొక్కా ఒళ్ళో వేశాను.

వాగుకి అవతల థియోఫిలస్.
మా ఇద్దరి నడుమా ఒక నిమ్మచెట్ల వరస,
అది ఎవరి హద్దులో ఉందన్న తగువు,
పదకొండేళ్ళు మాటల్లేకపోవడం.
నిమ్మచెట్లు పోయాయి.
ఇప్పుడు అతని పెరడంతా నాకు కనిపిస్తోంది,
చిరుగుల బనీను, సొట్టపోయిన గిన్నె,
ముసలి వీపు.
తలకి గుడ్డ కట్టుకోని నేను కూడా
అతనికి కనిపిస్తూనే ఉంటాను.
నేను వంగితే అతను లేస్తాడు,
అతను లేస్తే నేను వంగుతాను.
ఎంతసేపని?

ఎండ నడినెత్తికి వచ్చాక
ఒక రేకు పైకెత్తి అరిచాడు:
"యూలాలీ! ఈ నీలంది నీదేనా?"

గొంతు పెగలడానికి కాస్త సమయం పట్టింది.
"నాదే!
వంకర తీసి పంపు!"

సాయంత్రం జెర్వన్ వెళ్ళిపోయాక
ఎర్ర బకెట్టు చుట్టూ ఒక తేనెపిట్ట తిరిగింది.
పువ్వనుకుంది పాపం.
అంచు పొడిచింది, చుట్టూ వచ్చి మళ్ళీ పొడిచింది,
ప్లాస్టిక్కు ఏం ఇస్తుంది?
దీవిలో ఎక్కడా ఒక పువ్వు లేదని
దానికి ఎవరు చెప్పాలి.

డబ్బాలో చక్కెర అడుగంటింది.
లారీ ఎప్పుడొస్తుందో, అసలు రోడ్డుందో లేదో.
అయినా సీసామూతలో నీళ్ళు పోసి
చక్కెర కలిపి బకెట్టు అంచున పెట్టాను.
సముద్రం వైపు వీపు తిప్పి కూర్చున్నాను.
దాని మీద నాకింకా కోపం పోలేదు.

కలిపింది ఆ చెంచాతోనే.
రేపు డెల్ఫీన్‌ని అడగాలి, ఎవరిదో.