ఖో వినపడ్డాక

మూడు పేజీలు. ఇరవై రెండు ప్రశ్నలు.
ఒంగోలు క్రీడల ఆఫీసు నుంచి సంచిలో పెట్టి పంపారు.
పెన్సిళ్ళున్నాయి, రాసుకునే అట్టలు లేవు.
మార్కాపురంలో అట్టలకేం కరువు?
గ్రౌండు గోడవార పడున్న పలక బద్దలు
తలా ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు
మా ఖోఖో పిల్లలు, ముప్పై ఒక్కమంది.
నల్లరాయి మీద తెల్ల కాగితం.

"అక్కా, పరీక్షా ఇది?" అన్నాడు చెన్నకేశవ.
కాదురా.
"మార్కులుంటాయా?"
ఉండవు.
"మరెందుకు రాసేది?"

నేను నోరు తెరిచేలోపే
ఎస్తేరు రమీజా కాగితంలోకి తొంగి చూస్తోంది.
చూడబాకమ్మా,
నీ మోకాలి నొప్పి
పక్కదాని పేపర్లో దొరకదు.

అందరి టిక్కులూ ఒకే గడిలో.
తాగేనీళ్ళు? బాగున్నాయి.
బాత్‌రూము? బాగుంది.
దానికి తలుపే లేదు కదే!
"బాలేదని రాస్తే క్యాంపు ఎత్తేస్తారంటక్కా."

ఆ భయం నాకు కొత్త కాదు.
పద్నాలుగేళ్ళ కింద ఈ గ్రౌండులోనే ఆడాను.
అప్పుడూ వచ్చిందొక కాగితం, గులాబిరంగుది.
సారు బోర్డు మీద జవాబులు రాసిస్తే
వరసగా దించేశాం.
అంతా బాగుందని మేమే రాసిచ్చాక
బాగు చెయ్యడానికి ఎవరొస్తారు?
మధ్యాహ్నం మ్యాచి అంటే
పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు.
నెలకి మూడు రోజులు చీలమండ బెణికిందనేదాన్ని.
ఏళ్ళ తరబడి అదే కాలు, అదే బెణుకు,
ఏందని ఒక్కరూ అడగలేదు.
అడిగిన ఒకే ఒక్క కాగితానికి
నేనే అబద్ధం చెప్పాను.

అందుకని చెబుతున్నా, వినండి.
మీరు వరసలో కూచుంటారే,
ఒకరి మొహం అటు, ఒకరి మొహం ఇటు,
కాళ్ళు ఎంత పీకినా కదలకుండా,
వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి
ఖో అని వినపడేదాకా.
ఈ కాగితం ఆ చెయ్యి అనుకోండి.
ఖో రాకుండా లేస్తే ఫౌలు.
వచ్చినా లేవకపోతే
దానికి రూలు బుక్కులో పేరే లేదు,
ఆట అక్కడే చచ్చిపోద్ది.

పేరు రాయక్కర్లేదు.
ఒత్తులు తప్పినా ఎవరూ కొట్టరు.
తెలియదనే గడి కూడా ఉంది, అదీ జవాబే.
కాకపోతే ఇది పలక మీద రాత కాదు,
ఉమ్మిపెట్టి తుడిస్తే పోయేది కాదు.

కాసేపు పెన్సిళ్ళ గరగర.
"కోచ్ మిమ్మల్ని తిడతారా" దగ్గర ఆగి
ఒకడు నా వంక చూసి కిసుక్కుమన్నాడు.
రాసుకోరా, చూడనులే అని
నీళ్ళ డ్రమ్ము వైపు తిరిగి నిలబడ్డాను.

చీకటి పడ్డాక కవర్లో సర్దుతుంటే
ఒకదాని వెనక, ప్రశ్నలేవీ లేని చోట,
వంకర అక్షరాలు.
చదవకూడదు. చదివాను.

"ఐదున్నరకి మా వీధికి ట్యాంకరు వచ్చిద్ది.
బిందెలు పట్టేది నేనే.
ఆట ఐదింటికి అయిపోతే బాగుండు.
నాకు ఆడటం ఇష్టం."

పేరు లేదు.
రోజూ సగంలో జారుకుంటోందని
మర్నాడు నాలుగు రౌండ్లు ఎక్కువ తిప్పేదాన్ని ఒక పిల్లని.
రిజిస్టర్లో ఆమె పేరు పక్కన
బద్ధకం అని ఉంది.
ఆ రాత నాదే.

ఇచ్చినవి ముప్పై ఒకటి, వచ్చినవి ఇరవై తొమ్మిది.
ఇంటికాడ రాసుకొస్తామని పట్టుకెళ్ళిన ఇద్దరిదీ
పలకల ఫ్యాక్టరీ వెనక సందు.
పొద్దున్నే పోవాలి,
రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకున్నాను.

రేపటినుంచి ఆట మూడున్నరకే మొదలు.
ఎందుకక్కా అని ఎవరన్నా అడిగితే
ఎండ తగ్గింది కదా అంటాను,
మార్కాపురంలో, మే నెలలో.