వంతు

మునిసిపల్ ఆఫీసు కప్పు మీద రెండు బూరలు.
ఒకటి లోయ వైపు, ఒకటి శ్మశానం వైపు.
రెండోదాన్ని అటు ఎవరు తిప్పారో తెలీదు,
తాళాల గుత్తితో పాటే నాకు దక్కింది.
ఈ ఏడాది చాటింపు వంతు నాది. జీతం లేదు.
గాలివానకు వైరు తెగితే ఎక్కి కట్టేదీ నేనే.

పొద్దున ఆరింటికి మైకులోకి మూడుసార్లు ఊదుతాను.
ముందు కుక్కలు వింటాయి.
ప్లాసిదో గాడిద తప్పిపోయింది,
ఎడమ చెవికి చీలిక, పిలిస్తే పలకదు.
హెర్మెలిందా ఇంట్లో పందిని కోశారు, కిలో తొంభై పెసోలు.
ఆ తర్వాతే
ఓహాకా నగరం నుంచి రాష్ట్ర ప్రభుత్వం.

ప్రభుత్వం మా కొండ మీదికి గురువారాలు వస్తుంది
కూరగాయల లారీలో, ఉల్లి బస్తాల సందున,
ఒక కవరులో మడత పడి.
తడిసి వస్తే పొయ్యి పక్కన ఆరబెడతాను.
ముద్ర ఊదాగా కారిపోతుంది,
సంతకం మాత్రం చెక్కు చెదరదు.

"గ్రామీణ ప్రాంత నివాసులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా"
అని ముందు స్పానిష్‌లో, ఉన్నదున్నట్టు.
తర్వాత మా జపోతెక్‌లో చెప్పాలి.
గొంతు పట్టేసేది అక్కడే.
లబ్ధిదారుకి మా దగ్గర మాట లేదు.
మొదట్లో 'పుచ్చుకునేవాళ్ళు' అన్నాను.
ముసలి ఎపిఫానియో చేతికర్ర ఆడించుకుంటూ వచ్చాడు,
"ఎవరి ముందు చెయ్యి చాచానే నేను?"
మరుసటి వారం 'వంతు వచ్చినవాళ్ళు' అన్నాను.
ఎవరూ రాలేదు.
ఒప్పుకున్నారనే లెక్క.

ఈసారి కాగితంలో
పొగరాని పొయ్యిలు నలభై,
ఆడవాళ్ళ సంఘానికి కుట్టుమిషన్లు ఆరు,
వాననీళ్ళ ట్యాంకులకు దరఖాస్తులు:
జనన పత్రం మూడు నకళ్ళు, కరెంటు బిల్లు రెండు.
నకలు తీసే మిషను దిగువ ఊళ్ళో ఉంది,
కొండచరియ విరగకుంటే రెండున్నర గంటలు.
కరెంటు లేని ఇళ్ళకే కదా నీళ్ళూ లేనివి,
వాళ్ళు బిల్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?
ఇది కాగితంలో లేదు. నోరు జారింది.
మైకు ఆపే ఉందేమో అని చూశాను,
లేదు, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

చివరి తేదీ పన్నెండు.
లారీ వచ్చింది పదిహేడున.

కాగితం మడిచి గౌను జేబులో వేసుకోవచ్చు,
పంది ధర ఇంకోసారి చెప్పి దిగిపోవచ్చు.
పన్నెండునీ చదివాను, పదిహేడునీ చదివాను.
మొక్కజొన్న నూరే రాళ్ళు కాసేపు ఆగాయి.
మళ్ళీ మొదలయ్యాయి.

మెట్ల మీద మొదట కనిపించింది నతివిదాద్.
రొట్టెలు చుట్టే గుడ్డలో కాగితాలు,
పొగకి ఎప్పుడూ తడిగా ఉండే కళ్ళు.
"తేదీ అయిపోయిందమ్మా" అన్నాను.
"వంతు అన్నావుగా?"
"అన్నాను."
"కాలు విరిగిన ఏడాది కూడా మా ఆయన కావలి వంతు తప్పలేదు.
మన వంతుకి తేదీ దాటితే జరిమానా కడతాం,
వంతు పోదు.
వాళ్ళకెలా పోతుంది?"

నా దగ్గర జవాబు లేదు.
ఆ మాట పెట్టింది నేనే మరి.

మధ్యాహ్నానికి ముప్ఫై ఒక్కరు.
ఎపిఫానియో రెండు జనన పత్రాలు ఇచ్చాడు.
రెండోది ఆయన భార్యది, పోయి నాలుగేళ్ళు.
"ఆ పొయ్యి ముందు ముప్ఫై ఏళ్ళు దగ్గింది. రాసుకో.
బూర అటే తిరిగుందిగా, వినే ఉంటుంది."
వద్దనలేకపోయాను.
జాబితాలో అందరికంటే కింద రాశాను,
కొట్టేసి, మళ్ళీ పైన రాశాను.

ఖాళీ ఉల్లి బస్తాల మీద కూర్చుని
కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని
నతివిదాద్ లారీలో దిగువకు వెళ్ళింది.
ఆఫీసులో ఏమంటారో నాకు తెలుసు.
ఈమె ఏమంటుందో వాళ్ళకి తెలీదు.

మలుపు దగ్గర ఆగి డ్రైవరు హారను కొట్టాడు.
దారికి అడ్డంగా గాడిద,
ఎడమ చెవికి చీలిక.
ఎంత కొట్టినా పలకలేదు.
సాయంత్రం మొదటి చాటింపు అదే.