ఏడు కాదు

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ, దాని మీద గది.
కింద పంపు దగ్గినప్పుడల్లా
పైన టీ గ్లాసులు బల్ల మీద వణికేవి.
శనివారం రాత్రుళ్ళు అక్కడ లోనా బయటా.
పంచేది పోలయ్య. బ్యాంకు కోడా సత్తిరాజుది.
పుస్తకం రాసేది నేను,
పోర్టులో మాంగనీసు వ్యాగన్లు లెక్కపెట్టి
రిటైరైన టాలీ గుమాస్తాని.

ఆట పిల్లలాట.
నడిమి ముక్క తెరుస్తారు. ఏడు అనుకోండి.
ఆనక లోనకొకటి, బయటకొకటి,
మరో ఏడు ఎటు పడితే అటు గెలుపు.
మొదటి ముక్క లోనకే వెళ్తుంది గనక
అటు రవ్వంత మొగ్గు,
అటు గెలిస్తే రూపాయికి తొంభై పైసలే ఇస్తారు.
బయట గెలిస్తే రూపాయికి రూపాయి,
కానీ వెయ్యి ఆటల్లో గెలిచేది
నాలుగువందల ఎనభై అయిదు.
ఆ కొరతలో సత్తిరాజు
సీతమ్మధారలో మేడ లేపాడు.
మోసం లేదు. వందకి మూడు.
కోస్టల్ బ్యాటరీ దగ్గర ఒడ్డుని
కెరటం కోసుకుపోతుందే, అలాగ.

పోలయ్య ఎడమ బొటనవేలికి పై కణుపు లేదు.
ఎప్పుడో బోటు మీద వించి తాడు పట్టుకుపోయింది.
పేక ఎత్తినప్పుడల్లా పైముక్క కొస
గోరంత లేచేది.
ఎదురుగా కూచుంటే
అది రాజో రాణో పోల్చుకోలేం.
బొమ్మా, చుక్కలా, అంతవరకే.

నూకరత్నం అంతవరకే చూసింది.
చీకట్లో మొప్ప ఎత్తి
ఐసులో ఎన్ని రోజులుందో చెప్పే మనిషి.
నడిమిది అంకె అయ్యి, పైన బొమ్మ లేస్తే
కొంగు ముడి విప్పేది. అయిదొందలు, బయట మీద.
మిగతా ఆటల్లో పది రూపాయలు, ఆవలింత.

కరెంటు పోయిన ఓ రాత్రి
కంచరపాలెం ఇంట్లో కొవ్వొత్తి పెట్టి
లెక్క వేసి చూశాను.
మొదటి ముక్క ఏడు కాదని తెలిస్తే చాలు.
లోన వంతు అయిపోయింది,
ఇప్పుడు బయటే మొదటిది.
నాలుగువందల ఎనభై అయిదు కాస్తా
అయిదువందల పదిహేను.
సత్తిరాజుకి రావలసిన మూడు
గడప దగ్గరే వెనక్కి తిరుగుతుంది.

కొవ్వొత్తి ఆర్పి చాలాసేపు కూచున్నాను.
ముప్పై ఆరేళ్ళు వచ్చినవే లెక్కపెట్టాను నేను.
రానిదానికి ఏ గడీ గీయలేదు.

ఆవిడ మటుకు ఓ రాత్రి పోగొట్టుకునేది,
ఓ రాత్రి తెచ్చుకునేది. మూడంటే అంతే మరి.
పట్టించింది ఆ ముడి.
కొంగు మీదకి చెయ్యి వెళ్ళగానే
బల్ల చుట్టూ ఇంకో నలుగురు
బయట మీద పెట్టడం మొదలుపెట్టారు,
ఎందుకో వాళ్ళకీ తెలీకుండా.
పోలయ్య వేలి నుంచి ఆవిడ కంటికి,
ఆవిడ కొంగు నుంచి వాళ్ళ చేతులకి,
అక్కణ్ణుంచి నా పుస్తకంలోకి.

"బయట గడి ఏటిలా ఉబ్బిపోతంది, గుమాస్తా గారూ?"
"అదృష్టమండి."
ఆ మాటకి ముందు ఒక్క గుటక మింగాను.
సత్తిరాజు పుస్తకం వైపు చూడలేదు.
నా గొంతు చూశాడు.

తర్వాతి శనివారం
పోలయ్య కింద ఐసు దిమ్మలు కొడుతున్నాడు.
పైన ఎవరో కుర్రాడు, పది వేళ్ళూ ఉన్నవాడు,
పేకకో ప్లాస్టిక్ పెట్టె.
నూకరత్నం ఒక్క ఆట చూసింది,
టీ తాగింది,
గ్లాసు బోర్లించి మెట్లు దిగిపోయింది.

మొన్న జెట్టీ మీద వేలంలో కనబడింది,
కోనాం గంపల మధ్య, చీర ఎగదోపుకొని.
నేను నోరు తెరిచేలోపే
"నువ్వు సెప్పలేదని తెలుసు బాబూ.
సెప్పకుండా ఉండటం నీకు సేతకాదు" అంది.
పోలయ్య కూలి ఇప్పుడు ఆవిడే ఇస్తోందట.
దోసిళ్ళతో చేపల మీద ఐసు పోస్తున్నాడు.
లేని కణుపు దగ్గర సందులోంచి
నీళ్ళు కారుతున్నాయి,
ఆవిడ వాటి వంక చూసి
వాడికి ఇంకో గంప జరిపింది.