బుడగల లెక్క

గుణుపురం హైస్కూల్లో ల్యాబు తాళాలు నావి,
జీతం అటెండరుది.
ఇరవై రెండేళ్లుగా ఇదే పని:
గెడ్డలో నాచు బీకరులో ముంచి
గరాటు బోర్లించి
మీద నీళ్ల గొట్టం తలకిందులుగా నిలిపి
కిటికీ ఎండకి పెట్టడం.

పిల్లలు లెక్కపెడతారు.
కొందరు ఒడియాలో, కొందరు సవరలో,
మా వీధి గుంటలు తెలుగులో.
కాడ తెగిన చోటునుంచి
పోపులో ఆవాల్లా లేచేవి బుడగలు,
నిమిషానికి నలభై.
పాత రికార్డులో ఉంది, గీతలు నావే.

ఈసారి పదకొండు.
సారు గడియారాన్ని అనుమానించారు.
మళ్లీ చూస్తే తొమ్మిది.
మబ్బు పట్టిందేమో అన్నారు.
బయట కాకి కూడా నీడ వెతుక్కునే ఎండ.

నాచు తెచ్చింది సుకాంతి గమాంగ్, తొమ్మిదో క్లాసు.
"రేకుల షెడ్డు కింద దొరికింది మామా,
ఇంత పచ్చటిది గెడ్డ మొత్తంలో లేదు."

ఆ షెడ్డు నాకు తెలుసు.
లారీల్లో పాత వైర్లు దిగుతాయి, రాత్రిళ్లు కాలుస్తారు.
తోలు ఊడితే రాగి.
యాసిడ్డులో కడిగి
మెరిసింది లారీకెక్కిస్తారు,
కడిగింది గెడ్డకి వదుల్తారు.
మా తోడల్లుడు జోగినాయుడు అక్కడే, రోజుకి నాలుగొందలు.
అంతకన్నా నన్నడక్కండి.

సారు బోర్డు మీద గీశారు:
పత్రహరితం, దాని నడిమధ్య ఒక పీట.
పీట మీద మెగ్నీషియం ఉంటే
ఎండ చేతికందుతుంది,
నీరు విడుతుంది, గాలి పుడుతుంది.
నీళ్లలో రాగి ఎక్కువైతే
దాన్ని లేవమని
తను కూచుంటుంది.
కూచుని, ఊరకే కూచుంటుంది.

"మరి వాడిపోవాలి కద సార్?"
"అదేనమ్మా. వాడదు.
రాగి కూచున్న పచ్చ ఇంకా చిక్కన.
చచ్చినా దిగదు."

బీకరు వైపు చూశాను.
ఈ ఏడంతా అంత అందమైంది చూళ్లేదు.

గొట్టంలో గోరంత గాలి.
ఆర్పిన అగ్గిపుల్ల లోపల పెడితే
మళ్లీ అంటుకోవాలి, చప్పట్లు మోగాలి.
మూడు పుల్లలు పోయాయి.
నాలుగోది ఎర్రగా ఒక్క క్షణం ఆలోచించి
నల్లబడింది.

"పుస్తకంలో ఉన్నట్టే రాయండి,
పరీక్షకి అదే వస్తుంది" అన్నారు సారు.
అందరూ నలభై.
సుకాంతి తొమ్మిది రాసి
కొట్టేసి
మళ్లీ తొమ్మిదే రాసింది.

సాయంత్రం బీకరు కడగాలి.
సింకు గొట్టం ఎక్కడికి పోతుందో
బిగించినవాణ్ణి, నాకు తెలుసు.
తాళాలు ఒక చేత్తో, బీకరు ఒక చేత్తో
ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నాను.