చేతి మీద కాగితం

అరచెయ్యి బోర్లించి చాపమనేది హసీనా మేడం.
దాని మీద తెల్లకాగితం ఒకటి పరిచి
ఊపిరి బిగబట్టి చూసేది.
నా వేళ్ళల్లో ఇంకా ఎంత బ్రాందీ మిగిలిందో
ఆ కాగితం చెప్పేది.

మొదటి రోజు అది చేపపిల్ల మాదిరి ఎగిరి కిందపడింది.
పదకొండో రోజుకు అంచులు మాత్రం ఆడినాయి.
ఇరవై ఆరో రోజు
కాగితం కాగితంగానే ఉండింది.
ఆమె నవ్వలేదు, పుస్తకంలో రాసుకుంది.
నేనే మంచం మీద కూర్చోని ఏడ్చినా.

నాది గుండ్లు గీసే పని.
కొండ మీద పంతొమ్మిదేండ్లు.
ఏడాది నిండని బిడ్డ తల ఎట్లుంటుందో తెలుసునా మీకు?
ఇంకా ఎముక కూడని మాడు మీద
ప్రాణం పైకే కనపడతా కొట్టుకుంటా ఉంటుంది.
ఆడ కత్తి పెట్టిన నా చెయ్యి
ఒకనాడు వణికింది.
ఆవగింజంత నెత్తురు.
తల్లి ఏమీ అనలేదు, చందనం అద్దింది.
నేనే కత్తి పక్కన పెట్టి
కిందికి పోయే బస్సెక్కినా.
కొండ మీద చుక్క దొరకదు, అందుకే
అలిపిరి దాటినాక రెండింతలు తాగేవాణ్ణి.

పెద్దాస్పత్రి వెనక, టీబీ వార్డుకు ఆనుకొని
పన్నెండు మంచాల గది.
కాళహస్తిలో కలంకారీ గీసే చెంగల్రాయులు,
చంద్రగిరి ఆటో గంగాధరం,
ఇంజనీరింగు చదవతా సూదులకు మరిగిన పిలగాడు
(పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను).
నడిరేయి ఎవరికి గోడ మీద చీమలు కనపడినా
వార్డుబాయి మునస్వామి లేచి
"యాడుండాయి, చూపించు" అని
చీపురు తీసుకొని
లేని చీమల్ని నిజంగానే ఊడ్చేవాడు.

మొదట మునస్వామి జీతం ఆగింది.
నాలుగు నెలలకు మునస్వామే ఆగిపోయినాడు.
మంచాలు ఐదైనాయి.
నెలకిచ్చే మాత్రలు వారానికిచ్చినారు,
ఆ తర్వాత బయట కొనుక్కోమని చీటీలిచ్చినారు.
తొంభై దినాలు నిండితే
డాక్టరు చేత సంతకం పెట్టిస్తా,
మళ్ళీ కత్తి పట్టుకుందువులే అనిన హసీనా మేడానికి
కాంట్రాక్టు మార్చితో సరి.
పోతా పోతా అందరి చేతుల మీదా
తన ఫోన్ నంబరు పెన్నుతో రాసింది.
చెరిగిపోతుందని చెంగల్రాయులు
రెండు దినాలు నీళ్ళు పోసుకోలేదు.

ఈపొద్దు మంగళవారం. నాకు అరవై ఎనిమిదో రోజు.
తలుపుకు తాళం.
తాళం పైన కాగితం: నిధులు లేనందున.

నిధులంటే మా తాత చెప్పేవాడు,
అమాస రాత్రి గుట్టల్లో
నిమ్మకాయలు కోసి తవ్వుకునేవని.
ఎంత మంది తవ్వినా ఒకరికీ దొరకలేదంట.
మా పన్నెండు మంచాలు
ఏ రాయి కింద పూడ్చినారో
అంజనం వేసి చూసేవాళ్ళుంటే చెప్పండి సామీ.

రోడ్డుకు అవతల ఇంకో వాకిలి ఉండాది.
దానికి నిధులు లేవని నేనెప్పుడూ చదవలేదు.
ఆడ నేను పోసిన రూపాయి
సర్కారు ఖజానా దాకా నడిచి పోతుందని
ఆ పిలగాడు ఒకసారి గోడ మీద లెక్కేసి చూపించినాడు.
తిరిగొచ్చే దోవ మాత్రం
ఆ లెక్కలో తేలలేదు.

ఫోన్ మోగింది. ఇంట్లోనించి రెడ్డెమ్మ.
"మందు దొరికిందా?"
ఆమె అడిగింది ఒక వాకిలి గురించే.
మాట మాత్రం రోడ్డు మధ్యలో నిలబడి
రెండు పక్కలా చూసింది.
"క్యూ ఉండాది" అన్నా.
అబద్ధం కాదు. క్యూ ఉండాది,
అవతల.

తలుపు మీది కాగితాన్ని మెల్లగా పీకినా.
మెట్టు మీద కూర్చోని
చెయ్యి బోర్లించి చాపి
నా చేతి మీద నేనే పరుచుకున్నా.
ఊపిరి బిగబట్టినా.

రేణిగుంట బస్సొకటి పోయింది, దుమ్ము లేచింది.
కాగితం ఆడింది.
గాలికి ఆడిందో
నాకు ఆడిందో
చూసి చెప్పేవాళ్ళు లేరు.