కుట్టు లోపలి ఎరుపు

కత్తెర తర్వాత, ముందు కళ్లద్దాలు వెతుక్కోవాలి.
మే పదకొండు. ఉల్విక్‌లో ఆపిల్ చెట్లు ఇంకా మొగ్గలోనే ఉన్నాయి.
నా బల్ల మీద మాత్రం ఆరు ఎర్ర రవికలు,
పదిహేడు నాటి ఊరేగింపుకి ఆరుగురి తొందర.

ఏడోది హెర్‌బోర్గ్ తెచ్చింది.
"అమ్మమ్మది. రెండు వేళ్లు వదులు చెయ్యాలి, సిగ్నీ.
ఊపిరాడట్లేదు."
ఇరవైనాలుగేళ్లు. చలికాలమంతా బెర్గెన్‌లో ఉండొచ్చింది.
నేనేం అడగలేదు.
అడగాల్సింది కొలత టేపు అడిగింది.

మా అమ్మ నేర్పిన మొదటి పాఠం:
మిగిలిన గుడ్డ కత్తిరించకు, లోపలికి మడిచి దాచు.
పిల్ల ఎదుగుతుంది, కడుపు పండుతుంది,
ముసలితనం వచ్చి ఒళ్లు మళ్లీ చిక్కుతుంది.
ఒక్క రవికే ఆ ఒళ్లన్నీ మొయ్యాలి.

వెనకటికి ఆడమనిషి పడవ దిగితే
నోరు తెరవకముందే ఊరు తెలిసిపోయేది.
కొండకి అవతల వోస్ వాళ్లకి తలగుడ్డ మీద నల్లదారం పని,
సేటెస్‌దాల్ లోయలో తెల్ల పావడా మీద నల్ల పావడా,
అంచున ఎర్రవీ పచ్చవీ పట్టీలు.
మాకు రొమ్ముకి అడ్డంగా పూసల పలక,
పోగులు లాగి కుట్టిన తెల్ల యాప్రన్.
ఉత్తరాదివాళ్లు పాత బట్టలు ఎప్పుడో వదిలేసుకుని
ఏదో పాత పీలిక మీది పూలు పట్టుకుని
కొత్తగా ఒక వేషమే అల్లుకున్నారు.
"అది అసలుది కాదు" అని మా పెద్దమ్మలు మూతి విరిచేవాళ్లు,
ఎక్కడో బొహీమియా కొలిమిలో పుట్టిన పూసల్ని
గుండెల మీద సవరించుకుంటూ.

పెళ్లికాని పిల్లకి జడ బయటికి.
పెళ్లయితే గంజి పెట్టిన తెల్లగుడ్డ, లెక్కలేనన్ని మడతలు,
ఒక్క వెంట్రుక కనపడకూడదు.
ఆ జడకీ ఈ గుడ్డకీ మధ్య చిక్కుకున్నవాళ్ల తలకి
ఏం కట్టాలో
మా అమ్మ కూడా నేర్పలేదు.

పక్క కుట్టు విప్పాను.
కుట్టు విప్పితే గుట్టు.
సూది కన్నాలు మూడు వరసలు.
మొదటిది అమ్మది, చీమల బారులా.
మూడోది కూడా అమ్మదే, కళ్లు మందగించాక.
మధ్యది ఎవరిదో. వంకర. తొందర.
చంక దగ్గర ఆరు కుట్లు ఇంకా మిగిలే ఉన్నాయి,
మేజోడు విప్పి తీసినట్టున్న బూడిదరంగు ఉన్ని.

అమ్మ లెక్కల పుస్తకం దింపాను.
యాభై ఎనిమిది, ఈస్టర్: సిన్నొవ, కొత్త రవిక, బిగుతుగా.
సెప్టెంబర్: సిన్నొవ పెళ్లి. తలగుడ్డ ఒకటి.
రవికకి పని లేదట, సరిపోతుందట.
ఆ "ట" దగ్గర అమ్మ కలం ఒక్క క్షణం ఆగినట్టుంది,
సిరా చుక్క పడింది.
జనవరిలో పిల్లాడి నామకరణం.
ఊళ్లో వేళ్లు లెక్కపెట్టనివాళ్లు లేరు.

కానీ ఈ బూడిద దారం సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు.
ఎవరి వంటింట్లో, ఏ దీపం కింద,
పొయ్యిలో నిప్పు ఆరేదాకా కూర్చుని
పద్దెనిమిదేళ్ల పిల్ల తన ఒంటికి తనే చోటు చేసుకుంది.
మర్నాడు చర్చి మెట్ల మీద
వెండి బ్రూచి చెంచాలు గలగలమంటే
అందరూ అటే చూసుంటారు.

విప్పిన మడతలో
ఎండ ఎన్నడూ చూడని ఎరుపు.
బయటి గుడ్డ ఇటుకరంగుకి దిగిపోయింది గానీ
ఇక్కడ మాత్రం ఇంకా ఆ ఈస్టర్ ఉదయమే.

హెర్‌బోర్గ్‌ని పిలిచి చూపించాను.
ఆరు కుట్ల మీద వేలు పెట్టింది,
కాసేపు తియ్యలేదు.
"ఇవి పీకేస్తావా?"
"వాటికేం, వాటి దారిన అవుంటాయి" అన్నాను.

ఆమె వెళ్లాక సూదిలో దారం ఎక్కించడానికి
మూడుసార్లు పట్టింది.
అడిగింది రెండు వేళ్లు.
నాలుగు వదిలాను.