ఒంటి వెంట్రుక

సొప్పు బండి మాదేవ ఇవాళ
"అజ్జీ, కొత్తంబరి బేకా?" అన్నాడు.
బాణసవాడి రెండో క్రాసులో నిలబడి
వెనక్కి తిరిగి చూశాను
ఆ అజ్జి ఎవరో పాపమని.
వెనక ఒక స్కూటరు,
దాని నీడలో నిద్రపోతున్న కుక్క.

ఈ ఊరొచ్చిన కొత్తలో వీడి నాన్న నన్ను అక్కా అనేవాడు.
వీడు బండి తొయ్యడం మొదలెట్టాక ఆంటీనయ్యాను.
మోకాళ్ళు మాట్లాడ్డం నేర్చిన ఏడు అమ్మనయ్యాను.
ఇప్పుడు ఒక్క కొత్తిమీర కట్టతో అజ్జిని.
మా ఆయన ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు కాచుకుని
ఒక్క ప్రమోషను తెచ్చుకోలేకపోయాడు.
నాకు చూడండి, అడక్కుండానే.

ఆ కంగారులో బేరమాడ్డం మర్చిపోయాను.
అజ్జి అన్నందుక్కాదు,
ఐదు రూపాయలు పోయినందుకు కడుపు మండింది.

ఇంటికొచ్చి అద్దం ముందుకెళితే
గడ్డం కింద
ఒంటి వెంట్రుక.
తెల్లగా, నిటారుగా,
ఎన్నాళ్ళ నుంచి కాపురముంటోందో.
తల మీద ఉండండే తల్లుల్లారా అని
మందారాకు నూరి, గుంటగలగర కాచి బతిమాలితే
దువ్వెనతో లేచిపోయాయి అన్నీ.
ఇదొక్కటి పిలవని పేరంటానికొచ్చి
ముందు వరసలో కూర్చుంది.

"ఏమండీ, శ్రావణం ఎక్కడ పెట్టారు?"
"ఇది మార్గశిరం కదే" అన్నాడు పేపర్లోంచి.
మా అమ్మ తాళాలగుత్తికి వేలాడిన శ్రావణం,
మా అందరి అరికాళ్ళ ముళ్ళూ తీసిన శ్రావణం,
ఆయన రేడియో స్క్రూల డబ్బాలో దొరికింది.

రాత్రి కోపం ఇంకా ఉంది మా ఇద్దరికీ.
డిసెంబరు చలికి గుమ్మంలో పాలప్యాకెట్టు వణుకుతుంది గానీ
రెండు గంటలయ్యేసరికి నా ఒంట్లో
ఎవరో బాణలి కింద మంట పెడతారు.
లేచి ఫ్యాను ఐదులో పెడతాను.
పేరు రుద్రమూర్తి,
మంచుకొండ మీద పులితోలుతో ఉండాల్సిన మనిషి,
మంకీ క్యాపులోంచి రెండు కళ్ళు తెరిచి
ఒకటిలో పెడతాడు.
ఐదు.
ఒకటి.
ఐదు.
ముప్పై రెండేళ్ళ కాపురంలో
మూడు దగ్గర మేం ఎన్నడూ కలుసుకోలేదు.
డాక్టరమ్మేమో "ఇదెల్లా కామన్ అమ్మా" అని
ఏడొందలు పుచ్చుకుంది.
కామన్ అయిన దానికి ఏడొందలా?

సరే, కిటికీ దగ్గరికి రమ్మన్నాడు.
ఇంట్లో దగ్గరి చూపు అద్దాలు ఒకటే జత.
అవి నేను పెట్టుకుంటే శ్రావణం జారిపోతుంది,
ఆయన పెట్టుకుంటే నేను గుడ్డిదాన్ని.
గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

హిందూపురంలో పెళ్ళిచూపుల రోజు
రంగు తెలియాలని మా అత్త నన్ను
ఇలాగే కిటికీ పక్కన కూర్చోబెట్టింది.
ఈయన తలెత్తలేదు.
పిల్ల ఎలా ఉందిరా అంటే
నిప్పట్లు బాగున్నాయన్నాడట.
ఆ మనిషి ఇవాళ
ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరగా,
ఊపిరి బిగబట్టి,
వెంట్రుక వెడల్పు మేర
నా ముఖమంతా వెతుకుతున్నాడు.
నాకు సిగ్గేసింది, ఈ వయసులో, సిగ్గు లేకుండా.

"దొరికింది."
"అది పుట్టుమచ్చ! అబ్బా!"
"కదలకు మరి."
"మీ చెయ్యి వణుకుతోంది."
"నీ గడ్డం వణుకుతోంది."
మూడోసారికి వచ్చింది.
దాన్ని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి
"గట్టి సరుకే" అన్నాడు,
ఫ్యాక్టరీలో తీగ నాణ్యత చూసినట్టు.

ఇక పేపరు తీసుకుంటాడనుకున్నా.
అద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టి
మంకీ క్యాపు విప్పి
"నాదీ ఒకసారి చూడవే" అని చెవి ఇటు తిప్పాడు.

అమ్మో.
ఆ అడవికి శ్రావణం చాలదు,
కొడవలి కావాలి.

పొయ్యి మీద చారు పొంగుతున్న వాసన.
పొంగనీ.
రేపు మాదేవ దగ్గర ఆ ఐదు రూపాయలు వసూలు చెయ్యాలి.
రోడ్డు మీద గొంతు పెంచినా ఫరవాలేదు,
అజ్జిని కదా.